వార్నాక్ 2022 ప్రచారం: నా రేటింగ్ 5కి 4

2022 మిడ్‌టర్మ్‌లో, అంటే అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో వచ్చే ఎన్నికల్లో, అమెరికాలోని జార్జియాలో టీవీ పెడితే రెండే మొహాలు. ఒకరు డెమోక్రాట్ సిట్టింగ్ సెనేటర్ రఫాయెల్ వార్నాక్, రెండోవారు ఆయన మీద పోటీకి దిగిన రిపబ్లికన్, పాత ఫుట్‌బాల్ స్టార్ హెర్షెల్ వాకర్. అంత డబ్బు పోసి మన ముందు పెట్టిన సర్వీసు కదా, రివ్యూ రాయకపోతే ఎలా. పార్టీ గొడవ పక్కన పెట్టండి, వార్నాక్ ప్రచారం ఎలా నడిచిందనేదే చూస్తున్నా.

ఆయన 2021 జనవరిలో ఉప ఎన్నికలో గెలిచి, రెండేళ్లు కూడా నిండకముందే మళ్లీ ఓట్లడగాల్సి వచ్చింది. అధ్యక్షుడు సొంత పార్టీవాడే, బయట ధరలు మండిపోతున్నాయి, ఇలాంటి ఏడాదిలో అధికార పార్టీవాళ్లకి మామూలుగా మూడుతుంది. ఆ టెన్షన్ దాచలేకపోయారు. సవన్నా ఊళ్లో జరిగిన డిబేట్‌లో 2024లో బైడెన్‌ని సపోర్ట్ చేస్తారా అని అడిగితే సూటిగా చెప్పకుండా దాటేశారు. బైడెన్ కూడా ఇక్కడికి ప్రచారానికి రాలేదు, బోస్టన్‌లో ఓటర్లకి ఫోన్లు చేసే ఫోన్ బ్యాంక్‌కి వెళ్లి అక్కడినుంచి ఓట్లడిగించారు! ఒక స్టార్ ఇక్కడే కోశాను.

నచ్చింది చెప్తా. అలబామా రిపబ్లికన్ సెనేటర్ టబర్‌విల్‌తో కలిసి వేరుశనగ రైతుల కోసం, టెక్సస్ రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రూజ్‌తో కలిసి హైవే కోసం పని చేశానని ఊరూరా చెప్పుకున్నారు. మన దగ్గర ఎమ్మెల్యే ఇలా ప్రతిపక్షం పేరు చెప్పి ఓట్లడిగితే సొంత కార్యకర్తలే మెడలో కండువా లాగేస్తారు. ఇక్కడ మాత్రం పనిచేసింది. నవంబర్ 8 ఓటింగ్‌లో గవర్నర్‌గా రిపబ్లికన్ కెంప్ 7 శాతానికి పైగా తేడాతో గెలిచారు, సెనేట్‌లో వార్నాక్‌కే ఒక ముక్క ఎక్కువ పడింది. అంటే అటు కెంప్‌కి, ఇటు ఈయనకి వేసినవాళ్లు చాలామందే ఉన్నారన్నమాట.

ఇన్సులిన్ మాట కూడా గట్టిగా వాడారు, మన ఇళ్లలో షుగర్ లేని ఇల్లెక్కడ, వెంటనే చెవిన పడుతుంది. కానీ నెలకి 35 డాలర్ల పరిమితి దక్కింది మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) వాళ్లకే, ప్రైవేట్ ఇన్సూరెన్స్‌కి కూడా పెట్టాలన్నది సెనేట్‌లో 60 ఓట్లు రాక ఆగిపోయింది. ఈ ముక్క వినేవాళ్లే వెతుక్కోవాలి.

అసలు పనితనం రనాఫ్‌లో, అంటే ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పెట్టే పోటీలో. నవంబర్ 8న ఆయనకి 49.4 శాతం, వాకర్‌కి 48.5. మన దగ్గరైతే ఆ రాత్రే డప్పులు మోగేవి, జార్జియాలో 50 దాటాలి కాబట్టి డిసెంబర్ 6న మళ్లీ పోటీ. 2021లో చట్టం మార్చి తొమ్మిది వారాల గడువుని నాలుగు వారాలకి కుదించారు, కొత్త ఓటరు నమోదుకీ టైమ్ లేదు. నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ తర్వాతి శనివారం ముందస్తు ఓటింగ్ కుదరదని రాష్ట్ర అధికారులు అంటే, వార్నాక్ ప్రచారం పార్టీతో కలిసి కోర్టుకెళ్లి గెలిచింది. అన్ని కౌంటీలూ తెరవలేదు గానీ, వారమంతా ఆఫీసులో ఇరుక్కునేవాళ్లకి శనివారం విలువేంటో వేరే చెప్పాలా. యాడ్‌ల మీద తగలేసిన కోట్లకంటే ఆ ఒక్క కేసే ఎక్కువ ఉపయోగమని నా లెక్క.

యాడ్‌లలో నాకు గుర్తుండిపోయింది ఒకటే. వాకర్ ఓ సభలో వ్యాంపైర్ గొప్పా, వేర్‌ఉల్ఫ్ గొప్పా అని చెప్పిన కథని మామూలు ఓటర్లకి చూపించి, వాళ్ల మొహాలు మాత్రం కెమెరాలో పట్టారు. ఒకళ్లు కనుబొమలు ముడిస్తే, ఇంకొకళ్లకి నవ్వు ఆగలేదు. ప్రత్యర్థిని తిట్టే పని ఆయన మాటలకే అప్పగించేశారు, ఖర్చూ తక్కువే అయ్యుంటుంది.

డిసెంబర్ 6న 51.4 శాతంతో బయటపడ్డారు.

ఫోన్ మెసేజ్‌ల సంగతి మాత్రం అడక్కండి. రెండు వైపులనుంచీ ఊరూ పేరూ తెలియని కమిటీలు రాత్రి అన్నం తినే టైమ్‌కే పంపేవి, ఓటేసి వచ్చాక కూడా ఆగలేదు. అవి ఎవరి ఖాతాలో వేయాలో తెలీదు కాబట్టి ఈ రేటింగ్‌లో కలపలేదు.