డీఎన్‌ఏ పాలిమరేజ్ ఫ్లోరసెన్స్ కిట్టు: ఎర్రచందనం దగ్గర తడబడింది

శేషాచలం మొక్కల సారాలలో డీఎన్‌ఏ తయారీని అడ్డుకునే గుణం ఏమైనా ఉందేమో చూడడానికి తిరుపతిలోని మా ప్రయోగశాలకు ఈ కిట్టును తెప్పించుకుని, మూడు నెలలుగా వాడుతున్నాము. ఒంటిపోగు డీఎన్‌ఏ మీద పాలిమరేజ్ అనే ఎంజైము రెండో పోగును అల్లుతూ పోతుంది. జంటపోగుకు అతుక్కున్నప్పుడే బాగా వెలిగే పికోగ్రీన్ తరహా రంజకం, 480 నానోమీటర్ల నీలికాంతిని పీల్చుకుని 520 దగ్గర వెదజల్లే పచ్చని వెలుగును బట్టి ఎంజైము ఎంత పని చేసిందో తెలుస్తుంది. వెనుకటి పద్ధతుల్లో రేడియోధార్మిక ట్రిటియంతోనో, 14 రోజులకు సగమయ్యే ఫాస్ఫరస్-32తోనో తంటాలు పడిన సీనియర్లకు, 96 గుంటల ప్లేటు ఒక్క పూటలో ముగియడం వింతగానే ఉంది.

సరఫరా మాత్రం బాగాలేదు. మే నెల ఎండలో వచ్చిన పార్సిల్ విప్పేసరికి ఐసు నీళ్లయి, ఎంజైము గొట్టం లేబులు నాని ఊడిపోయింది. డీలరు మరో గొట్టం పంపడానికి 20 రోజులు తీసుకున్నాడు. రంజకం డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో ఉంటుంది కనుక ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది, పూర్తిగా కరగకముందే పిపెట్ ముంచితే ఏ రెండు గుంటల లెక్కా కలవదు.

అసలు చిక్కు ఎర్రచందనంతో వచ్చింది (అటవీశాఖ అనుమతితో తెచ్చుకున్న చేవముక్కే). ఆ సారం కలిపిన గుంటల్లో వెలుగు దాదాపు ఆరిపోవడంతో, గట్టి నిరోధకం దొరికిందని సంబరపడి మా గైడుగారికి చెప్పేశాను. "ఈడీటీఏ వేసి చర్య ఆపాక సారం కలిపి చూశావా, అమ్మా?" అని ఆయన ఒక్క మాట అడిగారు. ఎంజైముకు అవసరమైన మెగ్నీషియాన్ని ఈడీటీఏ పట్టేసుకుంటే ఎంజైము ఆగిపోతుంది, అప్పటికి తయారైన డీఎన్‌ఏ అలాగే ఉంటుంది. ఆ తరువాత సారం కలిపినా వెలుగు తగ్గితే ఆ తగ్గుదలకు కారణం నిరోధం కాదు. మాకు అప్పుడూ అంతే తగ్గింది. చేవలోని శాంటలిన్ అనే ఎర్రని రంగుపదార్థం ఆ నీలికాంతిని తానే మింగేస్తోందన్నమాట. డీఎన్‌ఏలో మెట్లలా పేర్చి ఉండే క్షార జతల నడుమ దూరే పదార్థాలు రంజకాన్ని నెట్టివేసి ఇలాగే మోసం చేయగలవు. కిట్టుతో వచ్చిన పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యమైనా లేకపోవడం క్షమించరాని లోపం.

ఇందులో ఇచ్చినది క్లెనో ఎంజైము, అంటే 1956లో శాస్త్రవేత్త ఆర్థర్ కోర్న్‌బర్గ్ ఈ.కోలై బ్యాక్టీరియాలో కనుగొన్న పాలిమరేజ్‌లోని ఒక ముక్క. మానవ పాలిమరేజ్ ఆల్ఫాను ఆపే ఆఫిడికోలిన్ అనే పదార్థం ఈ బ్యాక్టీరియా ఎంజైమును ఆపజాలదు కనుక, ఈ ఫలితాలను పట్టుకుని క్యాన్సర్ మందుల దాకా వెళ్లకూడదు.

రంగులేని శుద్ధ పదార్థాలకైతే నిస్సంకోచంగా కొనవచ్చు. ఆకుల, చెక్కల సారాలకు మేము ఇప్పుడు ప్రతి ప్లేటులోనూ 12 గుంటలను ఈడీటీఏ పరీక్షకే కేటాయిస్తున్నాము. అందువల్ల పెట్టె మీద రాసినన్ని పరీక్షలు చేతికి రావు.