కిటికీ పక్కన ఆ మైక్రోస్కోపు: పశువుల క్లినిక్ గురించి అయిదేళ్ళ తర్వాత

మేం ఈ క్లినిక్‌కి వెళ్ళడం మొదలుపెట్టి అయిదేళ్ళయింది. ఇంట్లో ఒక సంకరజాతి ఆవు, దాని దూడ, ఒక కుక్క. టీకాలు, నట్టల మందు ఎక్కడైనా వేస్తారు కాబట్టి వాటి గురించి రాయను. నాకు చెప్పాలనిపించేది ఒక్కటే, ఆ గదిలో కిటికీ పక్కన చిన్న బల్ల మీద ఉండే మైక్రోస్కోపు. అది లేకపోతే మా ఆవు ఈరోజు కొట్టంలో ఉండేది కాదు, ఇది నేను ఎక్కడైనా చెప్తా.

రెండో ఈత ఈనిన మూడు వారాలకి ఆవుకి జ్వరం తగిలింది. మేత ముట్టదు, నెమరు లేదు, పాలు సగానికి సగం పడిపోయాయి. అప్పటికి క్లినిక్‌కి కుక్క టీకాల కోసం తప్ప వెళ్ళేవాళ్ళం కాదు, ఆవుకి ఏదన్నా అయితే ఇంటికొచ్చి సూది వేసే ఒకాయన్ని పిలిచేవాళ్ళం. ఆయనొచ్చి జ్వరం సూది, యాంటీబయాటిక్ వేసి వెళ్ళారు, సాయంత్రానికి తగ్గింది, హమ్మయ్య అనుకున్నాం, తెల్లారేసరికి మళ్ళీ ఒళ్ళు కాలిపోతోంది. మూడు రోజులు ఇదే తంతు. నాలుగో రోజు కనురెప్ప కిందకి లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది, భుజం ముందు గడ్డ కోడిగుడ్డంత అయింది. అప్పుడు పరిగెత్తా డాక్టరు గారి దగ్గరికి.

ఆయనొచ్చి థర్మామీటర్ పెడితే 106, ఆవుకి మామూలుగా 101, 102 మధ్యలో ఉండాలి. వెంటనే సూది వేస్తారేమో అని చూస్తుంటే ఆయన చెవి అంచున వెంట్రుకలు కత్తిరించి, స్పిరిట్‌తో తుడిచి, గుచ్చి, ఒక చుక్క రక్తం గాజు పలక మీద పెట్టి ఇంకో పలక అంచుతో పల్చగా లాగారు. అలా రెండు స్లైడ్లు, మళ్ళీ భుజం గడ్డలోంచి సూదితో లాగి ఇంకోటి. నాకైతే ఒళ్ళు మండింది, ఆవు పడిపోయేట్టుంటే ఇప్పుడు పరీక్షలేంటని. ఆయన వెనకాలే బండేసుకుని క్లినిక్‌కి వెళ్ళా. స్లైడుకి రంగు పట్టడానికి అరగంట, ఆ అరగంట నేను బయట ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో. తర్వాత నూనె చుక్క వేసి చాలాసేపు చూసి, నన్ను లోపలికి పిలిచి "మీరూ చూడండి" అన్నారు. లేత గులాబీ రంగులో గుండ్రటి కణాలు, వాటిలో కొన్నిట్లో ఊదా రంగు చుక్కలు, సన్న ఉంగరాల్లాంటివి. థైలీరియా అన్నారు, రక్తంలో చేరే పురుగు. గోమార్లు కుట్టడం వల్ల వస్తుందట, సంకరజాతి ఆవుల్ని ఎక్కువ దెబ్బతీస్తుందట, మామూలు యాంటీబయాటిక్‌తో పోదు, బుపర్వాకోన్ వేయాలి. టేపుతో ఛాతీ చుట్టుకొలత తీసుకుని బరువు లెక్కగట్టి కిలోకి 2.5 మిల్లీగ్రాముల చొప్పున మెడ కండకి వేశారు. మూడో రోజు పొద్దున కొట్టంలోకి వెళ్తే ఆవు నెమరేస్తోంది, అక్కడే కూర్చుండిపోయాను.

రక్తం పట్టడానికి మాత్రం నెల పైనే పట్టింది, ఆ ఈత మొత్తం పాలు పాత లెక్కకి రాలేదు. మూడు రోజులు ముందే ఆ స్లైడు తీసుంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పట్నుంచి కనపడిన వాళ్ళందరికీ ఆ మైక్రోస్కోపు గురించి చెప్పాను, అందులో అన్నీ దొరికిపోతాయన్నట్టే చెప్పాను. పోయినేడు మా కుక్క డల్‌గా పడుకుని, తిండి మానేసి, ఒకరోజు ముక్కులోంచి రక్తం కారింది. స్లైడు చూశారు, పురుగు ఏమీ కనపడలేదు. డాక్టరు గారు అప్పుడే చెప్పారు, ప్లేట్‌లెట్లు బాగా తక్కువగా కనపడుతున్నాయి, ఎర్లీషియా అనే జబ్బు అయ్యుండొచ్చు, దాని క్రిమి తెల్ల కణాల్లో ఉంటుంది, స్లైడులో దొరకడం అరుదు, రక్తం ల్యాబ్‌కి పంపుదాం అని. నేనే వినలేదు, ఇంకోసారి స్లైడు చూడండి సార్ అని పట్టుబట్టా, మర్నాడు చూసినా ఏం లేదు. ల్యాబ్ రిపోర్ట్ వచ్చాక ఆయనన్నదే నిజమైంది. డాక్సీసైక్లిన్ 28 రోజులు, ఖాళీ కడుపున వేస్తే వాంతి చేసుకుంటుందని తిన్నాక వేసేవాళ్ళం. కోలుకుంది గానీ నా మూలంగా ఒక రోజు పోయింది, ముక్కులోంచి రక్తం కారే కుక్కకి ఒక రోజంటే తక్కువేం కాదు.

ఇంకోటి కూడా చెప్పాలి. డాక్టరు గారు సెలవు పెట్టిన రోజు ఆ మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి ఉంటుంది. అసిస్టెంట్ మంచివాడే, నాకు చూడటం రాదు అని ఉన్నదున్నట్టు చెప్తాడు, జ్వరానికి సూది వేసి రేపు రమ్మంటాడు. పైగా జ్వరం కేసు నాలుగైదు వస్తే ఒక్కోదానికి అరగంట కాబట్టి మేకల్ని తోలుకొచ్చిన వాళ్ళు మధ్యాహ్నం దాకా చెట్టు కింద కూర్చోవాల్సిందే.

మాకు బాగానే ఉంది, ఎందుకంటే ఉన్నవి మూడు జీవాలు, క్లినిక్ పది నిమిషాల దూరం, నేను కూర్చోగలను, స్లైడు పట్టుకుని వెళ్ళగలను. ఇరవై ఆవులున్నవాళ్ళకి, దూరం నుంచి వచ్చేవాళ్ళకి ఇలాగే కుదురుతుందని చెప్పలేను. దూడ అడ్డం తిరగడం, కడుపుబ్బరం లాంటి వాటికి అరగంట ఆగే టైం ఉండదు, అవి మాకు ఇప్పటిదాకా రాలేదు కాబట్టి అక్కడ ఎలా చేస్తారో నాకు అనుభవం లేదు.

ఇప్పుడు ఒళ్ళు కొంచెం వెచ్చగా తగిలితే ముందు ఫోన్ చేసి డాక్టరు గారు ఉన్నారా అని అడుగుతా. లేరంటే అసిస్టెంట్‌కి ఒకటే చెప్తా, బాబూ, సూది వేసేముందు చెవి నుంచి స్లైడు తీసి ఆరబెట్టి ఉంచు, సార్ వచ్చాక చూస్తారు అని. మందు పడ్డాక తీస్తే పురుగు దొరకడం కష్టమని ఆయనే చెప్పారు.