యేసు చెప్పిన కష్టమైన మాటల మీద ఆన్‌లైన్ బైబిల్ స్టడీ: నా రివ్యూ

ఈ కోర్సులో చేరాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్తున్నాను: చేరండి. కానీ క్షమాపణ పాఠం దగ్గర జాగ్రత్త.

వాగ్దానాలు, ఆశీర్వాదాలు చెప్పే క్లాసులు ఎక్కడైనా దొరుకుతాయి. ఇక్కడ మాత్రం వినగానే ఒళ్లు మండే వాక్యాలనే ఏరి పెట్టారు. శత్రువుల్ని ప్రేమించమనడం, ఆస్తి అమ్మి బీదలకివ్వమనడం, చివరి గంటలో వచ్చినవాడికీ అంతే కూలి ఇచ్చిన యజమాని కథ. వాటిని మెత్తబరచకుండా చదివిస్తారు. చదివాక కోపం వచ్చిందా, సరిగ్గా ఏ మాట దగ్గర వచ్చిందో రాయమంటారు. వీడియో, నోట్స్ బాగానే ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది లూకా 4వ అధ్యాయం. సొంత ఊరు నజరేతువాళ్లే యేసును కొండ మీద నుంచి తోసేయబోయారని సండేస్కూల్ నుంచీ తెలుసు. ఇక్కడ మమ్మల్ని 22వ వచనం దగ్గర ఆపేశారు. అక్కడ ఆ జనమే ఆయన దయగల మాటలకు ఆశ్చర్యపోతున్నారు! 28వ వచనానికల్లా ఆగ్రహంతో ఊగిపోతున్నారు. మధ్యలో ఆయన చెప్పింది వాళ్ల లేఖనాల్లో ఉన్నదే: కరువులో ఏలీయా ప్రవక్తను దేవుడు పంపింది సీదోనులోని సారెపతు విధవరాలి దగ్గరికి, ఎలీషా ప్రవక్త కాలంలో కుష్ఠు నయమైంది సిరియావాడైన నయమానుకు. దేవుని దయ పరాయివాళ్ల గడప తొక్కిందంటే ఓర్చుకోలేకపోయారు. మన సంఘాల్లోనూ “మంచి వర్తమానం అండీ” అని మెచ్చుకునేది ఎక్కువగా ఆ మాట పక్కవాళ్లకు తగిలినప్పుడే.

యూదా రాజులైన యోషీయా, యెహోయాకీముల పాఠం కూడా వదలొద్దు. తండ్రి యోషీయా ధర్మశాస్త్రం విని దుఃఖంతో బట్టలు చింపుకున్నాడు. కొడుకేమో శీతకాలపు ఇంట్లో కూర్చుని, యిర్మీయా ప్రవక్త మాటలు మూడు నాలుగు పుటలు చదవగానే చాకుతో కోసి ఎదురుగా ఉన్న కుంపట్లో వేశాడు. అరిచినట్టు ఎక్కడా లేదు. స్తెఫను బోధ విని కోపంతో పళ్లు కొరికి, ఆయన్ని రాళ్లతో కొట్టి చంపినవాళ్ల కన్నా ఈయనే నన్ను భయపెట్టాడు.

ఇక క్షమాపణ పాఠం. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే, లెక్కపెట్టకుండా క్షమించమని యేసు చెప్పే చోటు, మత్తయి 18:21 నుంచి. ఒక సహోదరి, ఇంట్లో దెబ్బలు తినేవాళ్లు కూడా ఇలాగే క్షమిస్తూ పోవాలా అని కోపంగానే అడిగింది. “మీ హృదయం కఠినమైందేమో పరీక్షించుకోండి” అని టీచర్ ముందుకెళ్లిపోయారు. నాకు చాలా బాధేసింది. అదే అధ్యాయంలో 15 నుంచి 17 వరకు, తప్పు చేసినవాడిని నిలదీయమని, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లమని, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పమని ఉంది కదా! నయమాను పేరు వింటే వచ్చిన కోపం వేరు, దెబ్బలు తిన్న మనిషి కోపం వేరు. రెండింటికీ ఒకే మందు రాస్తే ఎలా? బెరయ ఊరివాళ్లు అపొస్తలుడైన పౌలు చెప్పినదాన్ని కూడా లేఖనాల్లో వెతికి చూసుకున్నారని, అందుకే ఘనులనిపించుకున్నారని మొదటి పాఠంలో నేర్పింది ఈ కోర్సే. ఆమె చేసిందీ అదేగా.

ఆ మూడు వచనాలు పాఠంలో చేర్చమని నిర్వాహకులకు రాశాను. ఇంకా జవాబు రాలేదు.

వీలైతే నలుగురు కలిసి చేరండి, ఒక్కరే అయితే ఆ రాసే పని వాయిదా పడిపోతుంది. మీ గ్రూపులో దెబ్బలు తిన్నవాళ్లు ఉంటే మాత్రం, ఆ వీడియో పెట్టే ముందు మత్తయి 18ని 15వ వచనం నుంచి మీరే చదివించండి.