నాలుగు కార్ల ట్రావెల్స్‌కి గూగుల్ యాప్స్ స్క్రిప్ట్: మెయిల్లో లింకులు పెట్టడానికి ఆర్నెల్లు వాడినాక

మాది తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర చిన్న ట్రావెల్స్ ఆఫీసు, నాలుగు కార్లు, ఒక టేబులు, ఒక కంప్యూటరు అంతే. కొండకి, తిరుచానూరుకి, కాళహస్తికి, కాణిపాకానికి తిప్పుతాం. బుకింగ్ అయినాక కస్టమర్‌కి మెయిల్ పోవాల, అందులో పికప్ మ్యాప్, డ్రైవర్ నంబరు, బ్యాలెన్స్ కట్టే లింకు, ఈ మూడూ వేలితో నొక్కితే తెరుచుకోవాల. వాట్సాప్ ఉండగా మెయిల్ ఎందుకబ్బా అంటారేమో, బెంగళూరు, మద్రాసు కంపెనీలోళ్ళు ఆఫీసులో బిల్లు పెట్టుకోవాల గదా, వాళ్ళకి మెయిలే కావాల.

ముందు ఒక మెయిల్ సర్వీసుకి నెలనెలా డబ్బు కట్టినాను, పేరెందుకులెండి. బటన్లు చూడ్డానికి ముద్దుగానే ఉండేవి కానీ మనం ఇచ్చిన లింకుని అది తన లింకులో చుట్టి పంపిస్తుంది, ఎవరు నొక్కినారో లెక్క పెట్టుకోడానికంట. అవతలోళ్ళకి కనిపించేది మూరెడు పొడుగు అక్షరాల చెత్త. హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి "బాబూ, ఇది మీరు పంపిందేనా, మా అబ్బాయి నొక్కొద్దంటున్నాడు" అన్నాడు. డబ్బు కట్టే లింకు మీదే అనుమానం వస్తే ఇంకేముంది. దాన్ని ఆపే సెట్టింగు కావాలంటే ఇంకా ఎక్కువ రేటు ప్లాన్ తీసుకోమన్నారు. ఐదుకి రెండు స్టార్లు, అవీ బటన్ల ముద్దుకి.

అప్పుడు మా అక్క కొడుకు, ఇంజినీరింగ్ చదువుతాండాడు, "మామా, నీ బుకింగులన్నీ గూగుల్ షీట్లోనే ఉండాయి గదా, దాంట్లోనే యాప్స్ స్క్రిప్ట్ ఉండాది, ఊరికే డబ్బు కడతావే" అన్నాడు. అంటే చిన్న కోడ్ రాసి షీట్ చేత మెయిల్ పంపడం లాంటి పనులు చేయించుకునే చోటన్నమాట. షీట్లో ఎక్స్‌టెన్షన్స్ మెనూ కింద ఉంటుంది, 2009 నుంచే ఉండాదంట, నేను ఆ మెనూ మీద ఒక్కసారి కూడా నొక్కింది లేదు. వాడు పది నిమిషాలు చూపించి కాలేజీ బస్సొచ్చిందని పోయినాడు, మిగతా కుస్తీ అంతా నాదే. మొదటిసారి రన్ చేస్తే ఈ యాప్‌ని గూగుల్ వెరిఫై చేయలేదు అని బెదిరిస్తుంది, మనం రాసుకున్న కోడే గాబట్టి అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకి పోవచ్చు, ముక్కూ మొహం తెలియనోళ్ళు ఇచ్చిన కోడ్‌కి మాత్రం అట్లా నొక్కద్దండి.

మెయిల్ పంపే ఫంక్షన్ పేరు సెండ్‌ఈమెయిల్, దానికి నాలుగు ఇవ్వాల: ఎవరికి, సబ్జెక్టు, మామూలు బాడీ, చివర్లో ఆప్షన్లు. లింకులూ రంగులూ అన్నీ ఆ ఆప్షన్లలో హెచ్‌టీఎమ్‌ఎల్‌బాడీ అని ఉంటుంది, అందులో పెట్టాల. హెచ్‌టీఎమ్‌ఎల్ అంటే వెబ్ పేజీలు రాసే ట్యాగుల భాష. నేనేమో మూడోదాంట్లోనే లింకు అడ్రసు రాసే హెచ్‌రెఫ్ ఉన్న ట్యాగు కుక్కేసి నాకే టెస్ట్ మెయిల్ పంపుకుంటే ట్యాగులు ట్యాగులుగానే కనిపించినాయి, ఇడ్లీ అడిగితే పిండి గిన్నె తెచ్చి పెట్టినట్టు. మామూలు బాడీ దండగ అని ఖాళీగా వదలకండి, హెచ్‌టీఎమ్‌ఎల్ చూపించలేని చోట అదే కనిపిస్తుంది, కాబట్టి అందులో కూడా లింకు పూర్తిగా రాసి పెట్టాల.

అక్కడే నాకు ఇంకో దెబ్బ. స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం పికప్ అనుకోండి, మ్యాప్ లింకు చివర ఆ పేరు స్పేస్‌తో సహా అట్లే అతికించినాను. జీమెయిల్ స్పేస్ దాకానే లింకు అనుకుంటుంది, విష్ణు వరకు నీలం, నివాసం తిరుపతి నల్లగా మిగిలిపోయింది. బెంగళూరులో ఉన్న కస్టమర్ నొక్కితే మ్యాప్ ఉత్త విష్ణు అని వెతికి అక్కడి షాపులన్నీ చూపించింది, "ఏ విష్ణు సార్?" అని ఫోను. దీనికి మందు ఎన్‌కోడ్‌యూఆర్‌ఐకాంపోనెంట్ అనే ఫంక్షన్, పేరుని అందులో వేసి తీస్తే స్పేస్ పోయి శాతం గుర్తు పక్కన 20 వస్తుంది, లింకు తెగదు. ఇంగ్లీషు అండ్ గుర్తున్న కంపెనీ పేర్లకి కూడా ఇదే, లేకపోతే లింకు ఆ గుర్తు దగ్గర పేరు అయిపోయిందనుకుంటుంది.

ఒక మధ్యాహ్నమంతా పోగొట్టింది మాత్రం కొటేషన్ గుర్తులు. మెయిల్ మ్యాటరు వర్డ్‌లో దిద్ది తెచ్చి అతికించినాను, వర్డ్ ఆ నిటారు గుర్తుల్ని వంకర గుర్తులుగా మార్చేసింది, హెచ్‌రెఫ్ పక్కన అవి ఉంటే లింకు చచ్చినట్టే. ఎర్రర్ రాదు, మెయిల్ చక్కగా పోతుంది, నొక్కితే ఏమీ కాదు. అన్నం కూడా తినకుండా ఫాంటు పెద్దది చేసి చూస్తే అప్పుడు దొరికింది. ఇప్పుడు వర్డ్ జోలికే పోను. అట్లే అడ్రసు ముందర హెచ్‌టీటీపీఎస్ లేకుండా ఉత్త డబ్ల్యూలతో మొదలు పెట్టద్దు.

బటన్ కావాలంటే వస్తుంది, టేబుల్ గడికి రంగు వేసి లోపల లింకు పెట్టాల, రంగుల్లాంటి స్టైలంతా విడిగా కాకుండా ఆ గడి ట్యాగు లోపలే రాయాల. విండోస్‌లో పాత ఔట్‌లుక్ మెయిల్‌ని వర్డ్ పద్ధతిలోనే చూపిస్తుంది, వేరే సోకులు చేస్తే చెదిరిపోతాయి. డ్రైవర్ నంబరుకి టెల్ అని పెట్టి కోలన్ కొట్టి నంబరు రాస్తే ఫోన్లో నేరుగా డయల్‌కి పోతుంది, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, రేణిగుంట ఎయిర్‌పోర్ట్‌లో దిగి బ్యాగులు చేతిలో పట్టుకున్నోళ్ళు నంబరు ఏం టైపు చేస్తారు పాపం. లింకు మీద కూడా ఇక్కడ నొక్కండి అని కాకుండా పికప్ మ్యాప్, బ్యాలెన్స్ కట్టండి అని రాస్తాండా, దొంగ లింకేమో అని అడిగే ఫోన్లు దాదాపు ఆగిపోయినాయి.

ఫ్రీ జీమెయిల్ అకౌంట్‌కి ఈ స్క్రిప్ట్ నుంచి రోజుకి 100 మందికే పోతుంది, కంపెనీలు డబ్బు కట్టి తీసుకునే గూగుల్ వర్క్‌స్పేస్ ఉంటే 1,500. మాకు మామూలు రోజుల్లో ఇరవై దాటదు, బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం గరుడ సేవ ముందురోజు పాత కస్టమర్లందరికీ ఒకేసారి పంపబోయి నూటితో ఆగిపోయింది, లిమిట్ ముందే రాసుండాది, చూసుకోనిది నేనే. పైగా ఎవరికి పోయిందో ఎవరికి పోలేదో తెలీక రాత్రి పదకొండు దాకా సెంట్ ఫోల్డర్ ముందర కూర్చున్నా. ఇప్పుడు షీట్లో పక్క కాలమ్‌లో పోయింది అని రాయించుకుంటా, ఎంత మిగిలిందో చెప్పే ఫంక్షన్ కూడా ఉండాది, ముందు దాన్ని అడిగి తర్వాతే పంపిస్తుంది. నాలుగు స్టార్లు, ఐదోది ఎందుకివ్వలేదంటే కోడ్ తెలిసిన అక్క కొడుకు అందరికీ ఉండడు గదా.