క్రాటం సీసాలు కొనకండి: నా అనుభవం

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ల కోసం, ముఖ్యంగా రాత్రి షిఫ్టులు చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెట్రోలు బంకు దుకాణాల్లో డబ్బు కట్టే చోట చిన్న చిన్న సీసాల్లో, పొట్లాల్లో క్రాటం అనే ఒక చెట్టు ఆకుతో చేసిన సరుకు అమ్ముతున్నారు. దయచేసి కొనకండి.

నేను టెక్సస్‌లో ఉంటాను. నిరుడు నడుము నొప్పితో బాధపడుతుంటే ఒక దుకాణంలో ఇది చూపించి, "ఉత్త ఆకే, కాఫీ లాంటిది" అన్నారు. ఆ మాటలో సగం నిజమే. క్రాటం ఆగ్నేయాసియా చెట్టు. కాఫీ, మన కదంబం ఉన్న కుటుంబానికే చెందుతుంది. థాయ్‌లాండ్, మలేసియా పల్లెల్లో కష్టజీవులు అలసట తెలియకుండా ఆ ఆకు నమలడం పాత అలవాటు. చెప్పని సగం ఏమిటంటే, అందులోని మిత్రగైనిన్, 7-హైడ్రాక్సీమిత్రగైనిన్ అనే పదార్థాలు మెదడులో మార్ఫిన్ పనిచేసే చోటే పనిచేస్తాయి. ఆ మార్ఫిన్ ఉండే నల్లమందు వచ్చేదీ గసగసాల మొక్క నుంచే కదా! ఆ సంగతి నాకు ఆ రోజు తట్టలేదు. పైగా పల్లెల్లో నమిలే పచ్చి ఆకు వేరు, సారం తీసి చిక్కబరిచి సీసాలో నింపింది వేరు.

మొదటి వారం నొప్పి మాయమైంది, పనిలో చురుకుదనం వచ్చింది. రెండో నెలకు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ తర్వాత నొప్పి లేకపోయినా అది తాగనిదే మంచం దిగలేని స్థితి. అలవాటైపోయిందని అప్పుడు కూడా నేను ఒప్పుకోలేదు.

అక్క కూతురి పెళ్లికి గుంటూరు బయలుదేరినప్పుడు తెలిసింది. సీసాలు వెంట తీసుకెళ్లలేదు. రెండో విమానం ఎక్కేసరికి ముక్కు కారడం, చెమటలు, కాళ్లు ఒకచోట నిలవని బాధ. ఇంటికి చేరాక ఒళ్లంతా నొప్పులు, విరేచనాలు, నాలుగు రాత్రులు కంటిమీద కునుకు లేదు. జ్వరమనుకుని అమ్మ మిరియాల కషాయం కాచి ఇస్తూనే ఉంది. తలంబ్రాల వేళకు నేను గదిలో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాను.

తిరిగొచ్చాక డాక్టరుకు దాచకుండా చెప్పాను. ఒక్కసారిగా మానిపించకుండా మూడు నెలలపాటు కొద్దికొద్దిగా తగ్గించారు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ క్రాటంను ఏ జబ్బుకూ మందుగా ఆమోదించలేదు. కాలేయం దెబ్బతినడం, మూర్ఛలు, వ్యసనం గురించి హెచ్చరిస్తూనే ఉంది. 7-హైడ్రాక్సీమిత్రగైనిన్‌ను గాఢంగా చేర్చిన సరుకులను మాదకద్రవ్యాల జాబితాలో చేర్చాలని 2025 జూలైలో సిఫారసు కూడా చేసింది. సీసా మీద '7-ఓహెచ్' అని కనిపిస్తే అది ఇదే. అలబామా, ఇండియానా వంటి రాష్ట్రాల్లో క్రాటం నిషిద్ధం. కారులో పెట్టుకుని సరిహద్దు దాటినా నేరమే.

ఇప్పటికే రోజూ తాగుతున్నవాళ్లు దాన్ని మద్యంతో, నిద్రమాత్రలతో కలపకండి. ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరుతో మాట్లాడటానికి జంకు ఉంటే 1-800-662-4357కు ఫోను చేయండి. ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, రాత్రీ పగలూ పలుకుతారు, వివరాలు గోప్యంగా ఉంచుతారు.

ఇంకొక్క మాట. మోకాళ్ల నొప్పులతో ఇక్కడికి వచ్చే అమ్మానాన్నలకు ఆకు మందే కదా అని ఇది మాత్రం ఇవ్వకండి. వాళ్లు వాడే మందులతో కలిసి ఇది ఏం చేస్తుందో ఆ సీసా మీద రాసి ఉండదు.