నవజాత శిశువుల కింద పరిచే పీడన సెన్సర్ షీటు: వాడిన అనుభవం

వెల్లకిలా పడుకున్న పసిబిడ్డ ఒంటికీ పరుపుకీ మధ్య పీడనాన్ని కొలిచే ఈ షీటును మా నవజాత శిశు విభాగంలో కొన్ని నెలలుగా వాడుతున్నాము. పరుపు మీద పరిచి, పలుచని గుడ్డ కప్పి, బిడ్డను పడుకోబెడితే, ఏ భాగం మీద ఎంత ఒత్తిడి పడుతున్నదో తెర మీద రంగుల్లో కనిపిస్తుంది.

మొదటి బిడ్డకే దీని విలువ తెలిసింది. పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. దాని వెనుక చర్మం కింద మెత్తదనం తక్కువ కాబట్టి, గుండ్రని ఎముక కొద్దిపాటి చోటులోనే పరుపుకు ఆనుతుంది. అందుకే వీపు, పిరుదులు లేత రంగులో ఉండగా తల వెనుక భాగం మాత్రం ముదురుగా కనిపించింది. మరోసారి వీపు దగ్గర సన్నని గీత కనబడితే, ఎత్తి చూశాము. ఉష్ణోగ్రత ప్రోబ్ తీగ బిడ్డ కిందికి చేరి ఉంది. ఆ ఒక్క సంఘటనతోనే నాకు దీని మీద గౌరవం కలిగింది.

అంకెల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 100 చదరపు సెంటీమీటర్ల అడుగు వైశాల్యం ఉన్న 1 కిలో బరువును పెడితే షీటు సుమారు 7.4 మిల్లీమీటర్ల పాదరసం పీడనాన్ని చూపాలి. ఈ పరీక్ష చేయకుండా నేను కొలత మొదలుపెట్టను. బరువు కదలకపోయినా, సమయం గడిచేకొద్దీ సెన్సర్ చూపే విలువ మెల్లగా పెరుగుతుంది కనుక, పరుపులను పోల్చేటప్పుడు పడుకోబెట్టిన తరువాత ప్రతిసారీ ఒకే వ్యవధికి నమోదు చేయాలి. షీటు బిగువుగా ఉంటే ఊయల గుడ్డలా బిడ్డను తానే మోస్తుంది, అప్పుడు కింది పరుపు అసలు గుణం కొలతలోకి రాదు. నెలలు నిండని బిడ్డ మడమకు, ఒకదానికొకటి సెంటీమీటరు దూరంలో అమర్చిన సెన్సర్లు చాలవు. అసలైన గరిష్ఠ పీడనం వాటి మధ్యనే తప్పిపోవచ్చు.

నన్ను ఎక్కువగా బాధించినది సాఫ్ట్‌వేర్. పీడనం 32 మిల్లీమీటర్ల పాదరసం దాటగానే ఎరుపు చూపిస్తుంది. ఆ అంకె 1930లో లాండిస్ అనే పరిశోధకుడు మనుషుల గోటి మొదట్లోని కేశనాళికలలో ధమని వైపు కొలిచిన సగటు రక్తపీడనం నుంచి వచ్చినదే తప్ప, నవజాత శిశువు తల చర్మానికి నిర్ణయించిన హద్దు కాదు. ఎరుపు లేదని నిశ్చింతగా ఉండే ప్రమాదం ఇక్కడే ఉంది, ఎందుకంటే తక్కువ పీడనమైనా గంటల తరబడి ఒకేచోట నిలిస్తే లేత చర్మం దెబ్బతినగలదు. ఆ హద్దును తీసివేసే వీలు, ఒక్కోచోట ఒత్తిడి ఎంతసేపు నిలిచిందో చూపే పట్టిక ఇవ్వమని తయారీదారులను కోరాము. అవి వచ్చేవరకు రెండు పరుపుల్లో మెరుగైనదాన్ని ఎంచుకోవడానికే దీన్ని వాడుతున్నాము. చర్మాన్ని మాత్రం ప్రతి పూటా కళ్లతోనే చూస్తున్నాము.