మహాలక్ష్మి, స్త్రీశక్తి: ఉచిత బస్సు ఎక్కడిదాకా పనికొస్తుంది?

ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే పథకాలివి. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు 9న మొదలైంది, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న. కాంగ్రెస్ ఎన్నికల హామీలైన ఆరు గ్యారంటీల్లో ఒకటి అది, తెలుగుదేశం ఎన్నికల హామీలైన సూపర్ సిక్స్‌లో ఒకటి ఇది. రాజకీయంగా ఎవరి లెక్క వారిది. రోజూ పనికో కాలేజీకో ఆసుపత్రికో వెళ్లే ఆడవాళ్లకు మాత్రం ఈమధ్య కాలంలో ఇంతగా చేతికందిన ప్రభుత్వ సేవ మరొకటి లేదు. దూరప్రయాణాల సంగతి వేరు, అక్కడ దీన్నే నమ్ముకుని బయల్దేరొద్దు.

తెలంగాణలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఉచితం. ఏపీలో పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్. డీలక్స్ నుంచి పైకి ఏది ఎక్కినా పూర్తి చార్జీయే. హైదరాబాద్‌లో మెట్రో డీలక్స్‌ను మెట్రో ఎక్స్‌ప్రెస్ అనుకుని ఎక్కేస్తుంటారు, ముందు బోర్డు చదవండి. తిరుపతి నుంచి కొండపైకి వెళ్లే సప్తగిరి బస్సుల్లో స్త్రీశక్తి చెల్లదు.

ఎక్కువ గొడవలు జరిగేది గుర్తింపు కార్డు దగ్గరే. చూసేది మీరు ఏ ఊళ్లో పుట్టారని కాదు, చిరునామా ఏ రాష్ట్రంలో ఉందని. గుంటూరు అమ్మాయి పెళ్లై ఖమ్మంలో కాపురం ఉన్నా, ఆధార్‌లో పుట్టింటి చిరునామాయే ఉంటే తెలంగాణలో టికెట్ కొనాల్సిందే. పెళ్లయ్యాక పేరు మార్పించుకుని చిరునామా వదిలేసేవాళ్లు చాలామంది. రెండూ ఒకేసారి మార్పించుకోండి. 2014కు ముందు ఇచ్చిన ఆధార్‌లో వరంగల్, కరీంనగర్ చిరునామాల కింద కూడా ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. కండక్టర్ ఒప్పుకోకపోతే ఆయన్ని తప్పుపట్టలేం, ఆ కార్డు సరిచేయించుకోవాలి. ఆధార్ లేకపోతే ఓటరు కార్డు చాలు. పాన్ కార్డు మీద చిరునామాయే ఉండదు కాబట్టి అది పనికిరాదు. కాలేజీ పిల్లల కార్డుల్లో చిన్ననాటి ఫొటో ఉండి ముఖం పోలిక దొరకదు. పదిహేనేళ్లకు ఎలాగూ వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి, అప్పుడే ఫొటో కూడా మారుతుంది. అసలు కార్డే పట్టుకెళ్లండి.

కార్డు చూపించి కూర్చుంటే పని అయిపోదు. జీరో టికెట్ (చార్జీ సున్నా అని కొట్టిచ్చే టికెట్) అడిగి తీసుకోండి, దిగే స్టేజీ సరిగ్గా చెప్పండి. ప్రభుత్వం ఆర్టీసీకి కట్టేది ఆ టికెట్ల లెక్క మీదే. కిక్కిరిసిన బస్సులో కండక్టర్ మిషన్ తీయకపోయినా, దగ్గరి స్టేజీ కొట్టినా మీ జేబుకు నష్టం ఉండదు, నష్టం ఆ రూటుకు. నిండుగా తిరిగే బస్సు కాగితం మీద ఖాళీగా కనిపిస్తే, ట్రిప్పులు పెంచమని ఊరు ఏ లెక్క చూపించి అడుగుతుంది? పైగా చెకింగ్ వచ్చినప్పుడు టికెట్ లేకపోతే జరిమానా.

సరిహద్దు దాటే ప్రయాణాల్లో రెండు రాష్ట్రాల పద్ధతి ఒకటి కాదు. తెలంగాణ మహిళ అంతర్రాష్ట్ర ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ వైపు వెళ్తే తన రాష్ట్రం పొలిమేర వరకు ఉచితం, అవతలికి టికెట్ కొట్టించుకోవాలి. ఏపీలో అంతర్రాష్ట్ర బస్సులకు పథకమే వర్తించదు. విజయవాడ నుంచి జగ్గయ్యపేట వరకు రాష్ట్రంలోపలే తిరిగే బస్సులో ఉచితంగా రావచ్చు, కోదాడ వైపు వెళ్లాలంటే డబ్బు పెట్టాలి.

అసలు లోటు బస్సుల సంఖ్య. ఎక్కేవాళ్లు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. సోమవారం పొద్దున, పండగ మర్నాడు, ముహూర్తాల రోజుల్లో మధ్య స్టేజీలో నిలబడితే చోటు దొరకడం కష్టం. వీలైతే బస్సు బయల్దేరే స్టాండులోనే ఎక్కండి. గర్భిణులను, పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు సూపర్ లగ్జరీలో సీటు రిజర్వు చేయించుకోవడమే మేలు, ఆ డబ్బు దండగ కాదు. తెలంగాణలో గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసుకోవచ్చు.

కుటుంబమంతా వెళ్తుంటే మగవాళ్లకు మామూలు చార్జీ, అయిదేళ్లు దాటి పన్నెండేళ్లలోపు ఉన్న మగపిల్లలకు అర టికెట్. ఆడపిల్లలకూ ట్రాన్స్‌జెండర్లకూ ఉచితం. అదనపు లగేజీకి మాత్రం అందరికీ ఒకటే రేటు, పెళ్లి సామాను తీసుకెళ్లేవాళ్లు ఆ ఖర్చు ముందే వేసుకోండి.